తెప్ప మీద ఉత్తరం, ఆకాశంలో మందు పెట్టె



ఈ పూట మీతో ఓడల గురించి, సముద్రపు ఒడ్డు గురించి కొంత మాట్లాడాలనుకుంటున్నాను. కోలారు జిల్లా మనిషికి సముద్రంతో ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. మనది చెరువుల సీమ. ఆ చెరువుల్లో కూడా ఏడాది పొడుగునా నీళ్లు నిలవవు. మా బడిలో పిల్లలను "సముద్రం చూసినవాళ్లు చేతులెత్తండి" అని అడిగితే నలభై మందిలో నాలుగు చేతులు లేస్తే గొప్ప. అయినా ఈ కథకూ మన నేలకూ సంబంధం ఉంది. ఓడకు సరుకు అందించడం, దారిలేని ఊరికి మందు అందించడం, మూడు కిలోమీటర్ల లోతు గనికి యంత్రం అందించడం, ఈ మూడూ చూడటానికి వేరువేరు పనులు. వాటి కష్టం మాత్రం ఒక్కటే. పెద్ద దూరమంతా సులభంగా గడిచిపోతుంది, చివర మిగిలిన కొంచెం దూరం దగ్గర పని ఆగిపోతుంది.

మొదట మన ఊళ్ల దగ్గర జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 2021 జూన్ నెలలో, కరోనా రెండో అల తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, గౌరిబిదనూరు ప్రాంతంలో చిన్న విమానాలు ఎగిరాయి. వాటినే డ్రోన్లు అంటున్నాం. నడిపేవాడు వాటిలో ఉండడు, నేల మీద ఉంటాడు. బెంగళూరుకు చెందిన త్రాటల్ ఏరోస్పేస్ అనే సంస్థ, నారాయణ హెల్త్ ఆసుపత్రుల సంస్థతో కలిసి, మందులను ఆకాశమార్గాన పంపి పరీక్షలు చేసింది. ఒక డ్రోను కిలో బరువును 15 కిలోమీటర్లు, ఇంకొకటి రెండు కిలోల బరువును 12 కిలోమీటర్లు మోయగలవని ఆ సంస్థ వాళ్లు చెప్పారు. నడిపేవాడి కంటి చూపు దాటిపోయిన తర్వాత కూడా డ్రోను తన దారి తాను పట్టుకుని పోవడం ఆ పరీక్షల విశేషం. ఇలా మందులు పంపి చూడటం మన దేశంలో అప్పటికి కొత్త. గౌరిబిదనూరు ఇప్పుడు చిక్కబళ్లాపురం జిల్లాలో ఉంది. 2007 వరకు అది మన కోలారు జిల్లా తాలూకాయే. అవతలి పక్క హిందూపురం, ఇవతలి పక్క మనం. అక్కడి సంతలో తెలుగూ కన్నడమూ ఎట్లా కలగలిసి వినిపిస్తాయో మీకు చెప్పనక్కరలేదు.

ఆ వార్త విన్న రోజు నాకు చరిత్ర పాఠం గుర్తొచ్చింది. మనిషి వెళ్లలేని చోటికి వస్తువును పంపాలన్న ఆలోచన నిన్న మొన్నటిది కాదు. దాని అడుగుజాడలు వెతుక్కుంటూ వెళ్దాం, రండి.

మన కోస్తా తీరం సంగతి చూడండి. కృష్ణా, గోదావరి ముఖాల నుంచి మదరాసు దాకా చాలా చోట్ల తీరం ఇసుక మేట. లోతు లేదు. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. వేల మైళ్లు సముద్రం దాటి వచ్చిన ఓడ, ఊరు కంటికి కనిపిస్తూ ఉండగానే, దూరంగా నీళ్లలో లంగరు వేసుకుని నిలబడాలి. మధ్యలో కెరటాలు విరిగే చోటు ఉంటుంది. అక్కడ ఇంగ్లీషువాళ్ల గట్టి పడవలు పగిలిపోయేవి. దానికి మన తీరపు జాలరులు కనిపెట్టిన ఉపాయం మసులా పడవ. ఆ పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని కొందరు అంటారు. దాని పలకలను మేకులతో బిగించరు, కొబ్బరి పీచు తాడుతో కుడతారు. అల కొట్టినప్పుడు పడవ కాస్త వంగుతుంది, విరగదు. గట్టిగా నిలబడినది పగిలిపోయిన చోట వంగగలిగినది బతికింది.

పడవ కూడా పోలేని రోజులు ఉండేవి. గాలి బలంగా ఉన్నప్పుడు మూడు నాలుగు దుంగలు కలిపి కట్టిన తెప్ప మీద ఒకరిద్దరు మనుషులు బయలుదేరేవాళ్లు. తమిళంలో దాన్ని కట్టుమరం అంటారు. ఆ మనిషి ఒంటి మీద గోచీ తప్ప ఏమీ ఉండదు. తల మీద మాత్రం నీళ్లు దిగని మొనదేలిన టోపీ ఒకటి ఉంటుంది. ఓడ కప్తానుకు చేరవలసిన ఉత్తరాలు ఆ టోపీలో భద్రం. అల వచ్చి మనిషిని తెప్ప మీద నుంచి తోసేస్తుంది. అతను ఈదుకుంటూ మళ్లీ తెప్ప ఎక్కుతాడు. ఉత్తరం తడవకుండా ఓడకు చేరుతుంది. మదరాసుకు వచ్చిన తెల్లదొరలు ఎందరో దీన్ని చూసి ఆశ్చర్యపోయి తమ పుస్తకాల్లో రాసుకున్నారు. ఆ ఉత్తరం మోసినవాడి పేరు మాత్రం ఎవరూ రాసినట్టు నేను చూడలేదు.

మన కేజీఎఫ్‌కు ఈ తీరంతో చుట్టరికం ఉంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడి గనుల్లో అడుగుపెట్టింది. ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చే సామగ్రికి మనకు దగ్గరి రేవు మదరాసు. అక్కడి నుంచి బౌరింగ్‌పేట వరకు రైలు. మనం ఇప్పుడు బంగారుపేట అంటున్న ఊరే అది. మదరాసు నుంచి బెంగళూరు వైపు రైలు 1864 నాటికే వచ్చింది. కానీ బౌరింగ్‌పేట నుంచి గనుల దాకా ఉన్న పదిమైళ్లకు మరో ముప్పై ఏళ్లు పట్టింది. మారికుప్పం వరకు రైలు పట్టాలు పడింది 1894లో. అంతవరకు ఎద్దుల బండే గతి. సప్త సముద్రాలు దాటివచ్చిన ఇనుము చివరి పదిమైళ్లు మన రైతుల ఎద్దుల మెడల మీద నడిచింది. చివరి కొంచెం దూరం కథ ఇదే.

ఇక్కడ మీకు ఇంకొక దారి చూపించాలి. బంగారుపేట దగ్గరే బూదికోట ఉంది. హైదర్ అలీ పుట్టిన ఊరు అది. ఆయన తండ్రి ఫతే మహమ్మద్ సమాధి కోలారు పట్టణంలో ఉంది. ఫతే మహమ్మద్ ఆర్కాటు నవాబు కొలువులో ఉన్నప్పుడు యాభై మంది బాణాలు వేసేవాళ్లకు నాయకుడుగా ఉండేవాడని చరిత్రకారులు చెబుతారు. బాణాలు అంటే విల్లు నుంచి వదిలేవి కావు. మందుగుండు కూరి నిప్పు పెట్టి వదిలే తారాజువ్వలు. వాటినే ఇప్పుడు రాకెట్లు అంటున్నాం.

మైసూరు సేనలు ఈ తారాజువ్వకు ఇనుప గొట్టం తొడిగాయి. కాగితపు గొట్టమో వెదురు గొట్టమో అయితే మందు ఎక్కువ కూరితే పగిలిపోతుంది. ఇనుముది తట్టుకుంటుంది. అందువల్ల అది ఎక్కువ బలంతో ఎక్కువ దూరం పోయేది. 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో ఇంగ్లీషు సేనను హైదర్ చిత్తుగా ఓడించాడు. ఆ యుద్ధంలో రాకెట్లు పెద్ద పాత్ర వహించాయి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అక్కడ దొరికిన రాకెట్లను ఇంగ్లండులోని వూలిచ్ ఆయుధశాలకు పట్టుకుపోయారు. విలియం కాంగ్రీవ్ అనే ఆయన వాటి ఆధారంగా తన రాకెట్లు తయారుచేశాడు. 1807లో కోపెన్‌హేగన్ నగరాన్ని తగలబెట్టడానికి ఇంగ్లీషువాళ్లు వాడినవి అవే.

ఇంతవరకు ఇది చంపే పని. అయితే అదే 1807 డిసెంబరులో ఇంగ్లండు దక్షిణపు కొసన, కార్న్‌వాల్ తీరంలో ఆన్సన్ అనే యుద్ధనౌక ఒడ్డుకు దగ్గరలోనే బద్దలైంది. ఒడ్డున జనం నిలబడి చూస్తూనే ఉన్నారు. వందమందికి పైగా మునిగిపోయారు. ఒక తాడు అందించగలిగితే చాలామంది బతికేవారు. కానీ ఆ కెరటాల్లో తాడు ఎవరు పట్టుకుపోతారు? ఆ జనంలో హెన్రీ ట్రెంగ్రౌస్ అనే కర్రపని చేసే ఆయన ఉన్నాడు. ఆయన ఇంటికిపోయి ఊరుకోలేదు. మరుసటి ఏడాదికల్లా తారాజువ్వకు సన్నని తాడు కట్టి ఓడకూ ఒడ్డుకూ మధ్య విసిరే పరికరం తయారుచేశాడు. సన్నని తాడు చేరితే దాని వెంట లావు మోకు లాగవచ్చు. మోకు వెంట మనుషులను ఒక్కొక్కరినే ఒడ్డుకు తేవచ్చు. తర్వాత 1865లో బాక్సర్ అనే సైనికాధికారి, మైసూరు రాకెట్లు చేరిన ఆ వూలిచ్‌లోనే, ఈ ప్రాణాల తాడు కోసం మరింత దూరం పోయే రాకెట్టు తయారుచేశాడు. ఇలాంటి పరికరాలతో వేలమంది ఓడ మనుషులు బతికి బయటపడ్డారు.

శ్రోతలారా, ఈ ముక్క మా పిల్లలకు నేను తప్పకుండా చెబుతాను. నిప్పు అదే, గొట్టం అదే. దాని చివర ఏం కట్టామన్నదాని మీదే అంతా ఉంది. కత్తి కడితే ఒక పని, తాడు కడితే ఒక పని. డ్రోను కూడా పుట్టింది యుద్ధాల్లోనే. ఇప్పటికీ లోకంలో ఎన్నో చోట్ల అది బాంబులే మోస్తున్నది. దాని కింద మందు పెట్టె కట్టడం మన వివేకం.

రాకెట్టుతో ఉత్తరాలు పంపిన మనిషి కూడా మన దేశంలో ఉన్నాడు. ఆయన కలకత్తాకు చెందిన స్టీఫెన్ స్మిత్. 1934 సెప్టెంబరు 30న గంగానది సముద్రంలో కలిసే చోట, ఒక ఓడ మీద నుంచి సాగర్ ద్వీపం వైపు ఉత్తరాల రాకెట్టు వదిలాడు. అది గాలిలోనే పేలి ఉత్తరాలు చెల్లాచెదరయ్యాయి. ఆయన వెనక్కి తగ్గలేదు. 1935లో సిక్కిం రాజుగారి ఆదరణతో అక్కడి కొండల్లో ప్రయోగాలు చేశాడు. అదే ఏడాది దామోదర్ నది మీదుగా ఒక కోడినీ ఒక పుంజునూ రాకెట్టులో పెట్టి అవతలి ఒడ్డుకు పంపాడు. రెండూ బతికే చేరాయి. వరద వచ్చినప్పుడు, భూకంపం వచ్చినప్పుడు దారి తెగిన ఊళ్లకు తిండీ మందూ ఇలా పంపవచ్చునన్నది ఆయన కల. 1992లో మన తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల వేసింది. రాకెట్టుతో చిక్కు ఏమిటంటే, అది పోవడమే గాని దిగడం తెలియదు. మెల్లగా దిగి, వస్తువు అప్పగించి, తిరిగి రావడం దానికి చేతకాదు.

ఆ చేతకానితనం డ్రోనుకు లేదు. నాలుగో ఆరో రెక్కల పంకాలు బ్యాటరీ శక్తితో తిరుగుతాయి. ఒక పంకా వేగం పెంచి ఇంకొకదాని వేగం తగ్గిస్తే అది కావలసిన వైపు ఒరిగి కదులుతుంది. ఆకాశంలోని ఉపగ్రహాల సంకేతాలు అందుకుని తానెక్కడ ఉన్నదీ తెలుసుకుంటుంది. నిలువుగా లేస్తుంది, నిలువుగా దిగుతుంది. దానికి రన్‌వే అక్కరలేదు, బడి ఆవరణ చాలు. 2019 మార్చిలో సింగపూరు రేవులో ఇలాంటి డ్రోను ఒకటి ఒడ్డు నుంచి ఒకటిన్నర కిలోమీటరు దూరంలో లంగరు వేసిన ఓడకు ఒకటిన్నర కిలోల సామగ్రి తీసుకుపోయి, ఓడ పైతట్టు మీద దిగి, తిరిగి వచ్చింది. విల్‌హెల్మ్‌సన్ అనే ఓడల సేవా సంస్థ, ఎయిర్‌బస్ కంపెనీ కలిసి చేసిన పని అది. ఒక చిన్న పెట్టె కోసం పెద్ద పడవ, దాని సిబ్బంది, దాని డీజిలు అక్కరలేకపోయింది. తల టోపీలో ఉత్తరం పెట్టుకుని పోయిన మన మదరాసు తెప్పవాడి పనే ఇది. రెండు వందల ఏళ్ల తర్వాత ఆ పని గాలిలోకి ఎక్కింది.

మన తెలుగు తీరంలో కాకినాడ రేవు దగ్గర ఇప్పటికీ ఎన్నో ఓడలు దూరాన లంగరు వేసుకుంటాయి. బియ్యం బస్తాలు బార్జీల మీద వాటి దగ్గరికి పోతాయి. బస్తాల పని డ్రోనుకు సాధ్యం కాదు, ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. దాని బలం కిలోల్లో ఉంటుంది, టన్నుల్లో ఉండదు. అది బండికి పోటీ కాదు. తపాలా బంట్రోతుకు చెల్లెలు అనుకోండి.

ఆ కిలో రెండు కిలోల్లో ఏముంటుందన్నదే ప్రశ్న. ఆఫ్రికాలో రువాండా అనే కొండల దేశం ఉంది. అక్కడ 2016 అక్టోబరు నుంచి ఆసుపత్రులకు రక్తాన్ని డ్రోన్ల మీద పంపుతున్నారు. కాన్పులో రక్తం పోతున్న తల్లికి ఒక సంచీ రక్తం బరువు అరకిలో. ఆ అరకిలో విలువ ఎంతని లెక్క కడతాం? మన దేశంలో 2021 సెప్టెంబరు 11న తెలంగాణలోని వికారాబాదులో ఆకాశం నుంచి మందులు అనే పథకం మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో మణిపూరులోని లోక్‌తక్ సరస్సు మధ్యనున్న కరాంగ్ ద్వీపానికి కరోనా టీకాలు డ్రోనులో చేరాయి. రోడ్డూ పడవా కలిపి గంటలు పట్టే దారి అది. డ్రోనుకు పావుగంట పట్టింది. నవంబరులో మన పక్కనే, ఆనేకల్ తాలూకా చందాపుర ఆరోగ్య కేంద్రం నుంచి హారగద్దె ఆరోగ్య కేంద్రానికి బెంగళూరు జాతీయ వైమానిక ప్రయోగశాల తయారుచేసిన డ్రోను టీకాలు చేర్చింది. 2022 మేలో తపాలా శాఖ గుజరాతు కచ్ఛ్‌లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి 46 కిలోమీటర్ల దూరం మందుల పొట్లం పంపింది. 2024 అక్టోబరులో మంగళగిరి ఎయిమ్స్ ఆసుపత్రిలోనూ డ్రోను సేవ మొదలైంది.

అన్నిటికంటె మన మనసుకు తగిలేది 2024 సెప్టెంబరు సంగతి. విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగింది. ఇళ్ల పైకప్పులు ఎక్కిన జనానికి పడవలు చేరలేని సందుల్లో, డ్రోన్ల ద్వారా అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు, మందులు అందించారు. స్టీఫెన్ స్మిత్ తొంభై ఏళ్ల క్రితం కన్న కల అది. ఆయన చూడలేకపోయాడు గాని, మనం చూశాం.

ఇంతవరకు మంచి మాటలే చెప్పాను. ఇప్పుడు నా మనసులోని సందేహం కూడా చెప్పాలి. దానికోసం మళ్లీ కేజీఎఫ్‌కు రావాలి.

మనకు ఆకాశమార్గాన సరుకు రావడం ఇది మొదటిసారి కాదు. 1902 జూన్ 30న కావేరి నది మీది శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన విద్యుత్తు 92 మైళ్లు, అంటే సుమారు 148 కిలోమీటర్లు, తీగల మీద ప్రయాణం చేసి కోలారు బంగారు గనులకు చేరింది. అప్పటికి ప్రపంచంలోనే అంత పొడుగు లైన్లు చాలా తక్కువ. దివాను శేషాద్రి అయ్యర్ గారి పూనిక అది. లైను పూర్తికాకముందే, 1901లో ఆయన కన్నుమూశారు. అమెరికా నుంచీ ఐరోపా నుంచీ ఓడల్లో వచ్చిన బరువైన యంత్రాలను రోడ్డులేని జలపాతం దాకా ఏనుగుల చేత లాగించారు. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది 1905లో. మనకు అంతకుముందే మూడేళ్లు.

మనకు అన్నాను. ఎవరికి? గనులకు. మా అవ్వ ఊరు గనుల వైపు పోయే తీగల దారిలో ఉండేది. ఆమె చిన్నతనంలో తమ పొలాల మీదుగా తీగలు పోతుండేవట. ఇంట్లో మాత్రం కిరసనాయిలు బుడ్డి. "రాత్రిపూట దూరంగా మైన్సు దీపాలు చుక్కల మాదిరి కనబడేవిరా, మన ఇంట్లో పక్కనున్న మనిషి మొహం కనబడేది కాదు" అని చెప్పేది. తీగ ఆమె నెత్తిమీదుగానే పోయింది, కిందికి దిగలేదు. దిగడానికి ఆమె సగం జీవితం పట్టింది.

నా సందేహం ఇదే. రేపు మన ఊళ్ల మీదుగా డ్రోన్లు పోతాయి, అందులో అనుమానం లేదు. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం డ్రోన్ల నియమాలు సడలించింది. నగరంలో ఉన్నవారికి తిండి పొట్లాలు, ఫోన్లు మోసే డ్రోన్లూ వస్తాయి. డబ్బు ఉన్నచోటికి అది త్వరగా దిగుతుంది. మా అవ్వ ఊరిలాంటి ఊళ్లో దిగుతుందా, లేక తీగ మాదిరి మీదుగా పోతుందా?

మా ఇంట్లో జరిగినదొకటి చెబుతాను. ఇరవై ఏళ్ల కిందటి మాట. మా పెద్దమ్మ కొడుకు వేరుశెనగ చేనులో పాము కరిచి పడిపోయాడు. ఊరు సరిహద్దు మీద. గట్టు దాటితే ఆంధ్ర. పొద్దుగూకింది, ఆఖరి బస్సు పోయింది. మోపెడ్ మీద మధ్యన కూర్చోబెట్టి దగ్గరలోని ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ నర్సమ్మ ఉంది, మందు లేదు. "ఇక్కడ నిండుకుంది, పెద్దాసుపత్రికి పోండి" అంది. ఆమె మీద నాకు కోపం లేదు, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. రాత్రి పదకొండింటికి వేరే ఊళ్లో మందు పడింది. మావాడు బతికాడు. కాలి కండ కొంత పోయింది, ఈనాటికీ కుంటుతాడు. తర్వాత తెలిసిందేమిటంటే, గట్టుకు అవతల పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఒక ఆసుపత్రిలో ఆ రాత్రి ఆ మందు ఉంది. మాకు తెలియదు. ఫోను చేసి అడగాలని ఎవరికీ తోచలేదు. అది వేరే రాష్ట్రం కదా!

పన్నెండు కిలోమీటర్లు. గౌరిబిదనూరులో పరీక్షించిన డ్రోను రెండు కిలోలు మోసుకుని పోగలిగిన దూరం సరిగ్గా అంతే. పాము విషానికి ఇచ్చే మందు చిన్న సీసాల్లో పొడిగా వస్తుంది, పది ఇరవై సీసాలైనా పెద్ద బరువు కాదు. ఆ రాత్రి అలాంటిదొకటి ఉండి ఉంటే అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో!

కాని బాగా ఆలోచిస్తే, ఉత్త డ్రోను ఉంటే చాలదు. మూడు సంగతులు కావాలి. మొదటిది, మందు ఎక్కడుందో తెలియాలి. ఇటు జిల్లా లెక్క, అటు జిల్లా లెక్క ఒకరికొకరికి కనబడాలి. గట్టు రాయి మనుషులకు, ఫైళ్లకు, గాలికి లేదు. రెండోది, డ్రోను దిగినచోట ఆ మందు ఎక్కించగలిగిన చేయి ఉండాలి. పాము మందు కొందరికి వికటిస్తుంది, పక్కన తెలిసిన డాక్టరో నర్సమ్మో ఉండి తీరాలి. ఆకాశం నుంచి సీసా దిగుతుంది గాని డాక్టరు దిగడు. మూడోది, గాలివాన రోజున డ్రోను లేవదు. మన అవసరం ఎక్కువగా ఉండేదే ఆ రోజు. కాబట్టి రోడ్డూ అంబులెన్సూ ఆసుపత్రి బీరువాలో ముందుగానే పెట్టుకున్న మందూ ఎప్పటికీ అవసరమే. డ్రోను వచ్చిందని చెప్పి ఆరోగ్య కేంద్రం తలుపు మూస్తే, మనం తాడు అందుకుని ఓడను వదులుకున్నట్టు.

ఇంకొక మాట. కొత్త సాధనం వచ్చినప్పుడల్లా పాత చేతులు ఖాళీ అవుతాయి. మదరాసుకు రేవు గోడ కట్టాక మసులా పడవవాళ్ల పని పోయింది. 2001 ఫిబ్రవరి 28న మన గనులు మూతపడ్డాక ఏమైందో మీ ఇళ్లల్లోనే చూశారు. ఈనాటికీ తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు కూలికి పోతున్నవాళ్లు ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు. అందుచేత అడగవలసింది ముందే అడగాలి. డ్రోన్లు ఎగరేయడం, బాగుచేయడం మన పిల్లలకు నేర్పుతారా? మన ఐటీఐల్లో, మన పాలిటెక్నిక్కుల్లో ఆ చదువు వస్తుందా? మూడు కిలోమీటర్ల లోతున యంత్రాలు నడిపిన వాళ్ల మనవలకు గాలిలో యంత్రం నడపడం కష్టమైన పని కాదు.

పోయిన నెల మా తరగతిలో ఈ కథంతా చెప్పి, "మీ ఊరికి డ్రోను వస్తే అందులో ఏం పంపమంటారు?" అని అడిగాను. ఒకడు చాక్లెట్లు అన్నాడు, ఒకడు క్రికెట్ బంతి అన్నాడు. వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని పిల్ల ఒకతె లేచి, "మా అవ్వ షుగరు మాత్రలు, సార్. నెలకొకసారి నేనే బడి మానేసి తెస్తాను" అంది. తరగతి కాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

శ్రోతలారా, మీ గ్రామ పంచాయితీ సభలో, మీ ఆరోగ్య కేంద్రం దగ్గర, మీ ఎన్నికల మనిషి ఇంటికి వచ్చినప్పుడు ఈ మాట అడగండి. మా ఊరి ఆసుపత్రిలో పాము మందు ఎన్ని సీసాలు ఉన్నాయి? అయిపోతే ఎక్కడి నుంచి, ఎంత సేపట్లో వస్తుంది? గట్టు అవతల ఉంటే తెప్పించగలరా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికిన ఊళ్లో, డ్రోను వచ్చిననాడు దానికి దిగే చోటు ఉంటుంది. జవాబు లేని ఊరి మీదుగా అది మా అవ్వ చూసిన తీగ మాదిరి పోతూనే ఉంటుంది.

తెప్ప మీద ఉత్తరం మోసినవాడి పేరు ఎవరూ రాసిపెట్టలేదని ముందే చెప్పాను. కాని ఓడలో ఆ ఉత్తరం అందుకున్నవాడికి అతని విలువ తెలుసు. చివరి కొంచెం దూరం దాటించినవాడి విలువ అందుకున్నవాడికే తెలుస్తుంది.